చనుమొనను బతికించుకున్న కత్తి

రొమ్ము తగ్గించే శస్త్రచికిత్స చాలా పాతది. మగవారిలో పెరిగిన రొమ్మును కోసి తగ్గించే పద్ధతిని 7వ శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు ఏజినా పౌలుస్ రాసిపెట్టాడు. చనుమొనను, దాని చుట్టూ ఉండే నల్లని వలయాన్ని, అంటే ఏరియోలాను, చెడిపోకుండా దిద్దడం మాత్రం 20వ శతాబ్దంలోనే కుదిరింది. రక్తం అందకపోతే ఆ భాగం కుళ్లిపోవడమే అప్పటిదాకా ఉన్న చిక్కు.

1922లో షికాగో సర్జన్ మాక్స్ థోరెక్ చనుమొనను ఏరియోలాతో సహా పూర్తిగా తీసి, కొత్త చోట చర్మంలా అతికించాడు. అది బతికింది గానీ పాలనాళాలు తెగాయి, స్పర్శ తగ్గింది. 1930లో ష్వార్జ్‌మన్ అనే సర్జన్ ఏరియోలా చుట్టూ పైపొరను మాత్రమే ఒలిచి, రక్తనాళాలున్న లోపొరను ఉంచేశాడు. 1960లో స్ట్రామ్‌బెక్, 1972లో మెకిసాక్ అనే సర్జన్లు రూపొందించిన పద్ధతులకు ఈ ఆలోచనే పునాది.

ఇవన్నీ బరువైన రొమ్ముల కోసం పుట్టినవి. పొడవైన చనుమొనను మాత్రమే తగ్గించే పద్ధతిని 1975లో సర్జన్ పౌల్ రెన్యో ప్రచురించారు. మొన కాండం నుంచి చర్మపు పట్టీని తీసి, మిగిలిన అంచులను కలిపి కుట్టడం అందులోని కిటుకు. పాలనాళాల జోలికి పోనక్కర్లేదు. ఏరియోలాను చిన్నది చేస్తే మచ్చ సాగిపోయే ఇబ్బందికి 1990లో ఫ్రెంచ్ సర్జన్ బెనెల్లీ విరుగుడు చెప్పాడు: సంచి మూతికి తాడు బిగించినట్టు, కరగని దారాన్ని చుట్టూ లోపల తిప్పి బిగించడం.

ఇప్పుడు చనుమొనను, ఏరియోలాను తగ్గించడం చాలామందికి ఆ భాగానికే మత్తు ఇచ్చి చేసే చికిత్స. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. కొన్ని వారాలు వాపు, కమిలిన రంగు ఉంటాయి. ఏరియోలా అంచున పడే మచ్చ సర్దుకోవడానికి దాదాపు ఏడాది పడుతుంది. మన చాయ చర్మంపై అది నల్లబడవచ్చు, ఉబ్బవచ్చు. కెలాయిడ్లు, అంటే గాయం అంచు దాటి పెరిగే మచ్చలు, వచ్చే తత్వం ఉంటే సర్జన్‌కు ముందే చెప్పాలి. స్పర్శ కొంతకాలం మందగిస్తుంది, కొందరిలో పూర్తిగా తిరిగి రాదు. గర్భంతో ఏరియోలా మళ్లీ పెరగవచ్చు, ఈ చికిత్స వల్ల పాలివ్వడానికీ ఇబ్బంది కలగవచ్చు. అందుకే పిల్లల్ని కనాలనుకునేవారు ఆగడం మంచిది. మగవారిలో ఏరియోలా ఉబ్బుకు కారణం దాని కింది గ్రంథి అయితే, చర్మం కోసినంత మాత్రాన లాభం లేదు.

పొగతాగేవారు కొన్ని వారాల ముందే మానాలి. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. వందేళ్లుగా సర్జన్లు కాపాడుకుంటూ వచ్చింది ఆ నాళాలనే.