పశువు కోసం పుట్టి కుక్కకు దక్కిన చిప్పు

అనుమసముద్రంపేట పల్లెల్లో గాలికుంటు టీకా వేసేటప్పుడు ముందు చూసేది బర్రె చెవినే. పసుపు ప్లాస్టిక్ ట్యాగు, దాని మీద 12 అంకెలు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన టీకాల పథకంతో ఈ ట్యాగులు ఊరూరికీ చేరాయి. కంపకు తగులుకుని చెవి చిరిగితే మాత్రం ట్యాగు పోతుంది, దాంతో బర్రె ఆనవాలూ పోతుంది.

అదే నంబరును తోలు కింద పెడితే? ఈ ఆలోచన యాభై ఏళ్ల నాటిది, పుట్టిందీ పశువుల కోసమే. 1970ల్లో అమెరికా వ్యవసాయ శాఖ ఆ పనిని లాస్ అలమోస్ ప్రయోగశాలకు అప్పగించింది. అణుబాంబు తయారుచేసిన చోటు ఆవుల లెక్కకు దిగిందన్నమాట! ఆవును పట్టుకోకుండానే అది ఏదో తెలియాలి, వీలైతే ఒంటి వేడి కూడా.

బ్యాటరీ ఎప్పటికైనా అయిపోతుంది. అందుకే రీడరు పంపే తరంగాల నుంచే కరెంటు పుట్టించుకుని, నంబరు తిప్పి పంపే చిప్పును ఎంచుకున్నారు. ఒంట్లో ఉండేది ఎక్కువగా నీరే కాబట్టి పెద్ద పౌనఃపున్యాలు లోపలే ఇంకిపోతాయి. నేటి పశువుల చిప్పులు 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసేది అందుకే. ఒక కంపెనీ చిప్పు ఇంకో కంపెనీ రీడరుకు అందని తగవు 1996లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాలతో చాలావరకు తీరింది. నంబరుకు 15 అంకెలు ఖాయమయ్యాయి.

అసలు పనితనం సూదిలో ఉంది. సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు గొట్టం లావు సూదిలోనే సిద్ధంగా ఉంటుంది. డాక్టరు ముందు రీడరుతో నంబరు సరిచూస్తాడు. కుక్క రెండు భుజాల మధ్య తోలును ఎడమచేత్తో పైకెత్తి, సూదిని ఏటవాలుగా దించి పిస్టన్ నొక్కుతాడు. కుట్లు అక్కర్లేదు. నున్నటి గాజు లోపల జారుతుంది కాబట్టి, కొన్ని రకాలకు కండ పట్టుకునేలా ప్లాస్టిక్ తొడుగు వేస్తారు.

మనుషులూ ప్రయత్నించారు. 1998 ఆగస్టులో బ్రిటన్ ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ చేతిలో పెట్టించుకుని, తొమ్మిది రోజులకు తీయించేశాడు. తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయట. తాళంచెవితో అయ్యే పనికి అంత కోత ఎందుకో!

మరి బర్రెకు ఎందుకు రాలేదు? చిప్పు జారి మాంసంలో చేరితే కోతశాలలో వెతికేదెవరు? పైగా ట్యాగును కంటితో చదవొచ్చు, చిప్పుకు రీడరు కావాలి. దాంతో అది ఎక్కువగా పెంపుడు కుక్కల దగ్గరే స్థిరపడింది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో అడుగుపెట్టే ప్రతి కుక్కకూ చిప్పు ఉండాల్సిందే. హైదరాబాదు నుంచి తీసుకెళ్లే కుక్కకు చిప్పు పడ్డాకే రేబిస్ టీకా వేయించాలి. ముందే వేయించిన టీకాను అక్కడ లెక్కలోకి తీసుకోరు.