కణపరిసర కాఠిన్యము – అర్బుదవృద్ధి

అర్బుదకణము జన్యుదోషముచేతనే గాక, తన్నావరించిన ధాతువుయొక్క కాఠిన్యపీడనాదులచేతను ప్రేరితమై వృద్ధిచెందును. కొల్లాజెను తంతువులు చిక్కబడి బిగిసినచో, కణోపరితలమందలి ఇంటిగ్రిన్లను గ్రాహకములు ఆ బిగువును గ్రహించి విభజనసంకేతములను లోనికి బంపునని 2005లో పరిశోధకురాలు వాలెరీ వీవర్ బృందము స్తనకణములయందు నిరూపించెను.

సూరతు చెంతనున్న కడోదరా వంటి మరమగ్గముల ఊళ్లలో, తెలుగు నేతపనివారును బ్రతుకుచున్న ఆ సీమలో, ఈ శాస్త్రము వక్క నమలువారికి మిగుల ఆసన్నమైనది. వక్కలోని అరెకోలిను కొల్లాజెనును పెంచి బుగ్గ లోపలిపొరను పలకవలె గట్టిపరచును. క్రమముగా నోరు తెరచుటయే దుర్భరమగును. 1952లో ష్వార్ట్జ్ అను పరిశోధకుడు కెన్యాయందలి ఐదుగురు భారతీయస్త్రీలలో వర్ణించిన ఈ తంతూకరణము కొందరిలో క్యాన్సరుగా పరిణమించును. వక్కయే స్వయముగా క్యాన్సరుకారకము. కాఠిన్యము దానికి తోడగును.

వక్క కలిసిన గుట్కాను గుజరాతు 2012లో నిషేధించెను. వక్క నమలువారు నోరు బిగియుట ఆరంభమైనప్పుడే ఆ వక్కను మాని, దంతవైద్యుని దర్శింపవలెను.