యానాం: భాష ఒకటి, పాలన వేరొకటి – ఒక సరిహద్దు చరిత్ర

ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్ పటాన్ని చూసే ప్రతివారికీ గోదావరి ముఖద్వారం దగ్గర ఒక చిన్న చుక్క కనిపిస్తుంది. అది యానాం. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభా 55,626. నాలుగు వైపులా తెలుగునేలే. ఊళ్ళ పేర్లు కనకాలపేట, మెట్టకూరు, ఇసుకతిప్ప, అడవిపొలం. ఇళ్ళలోను, బడులలోను, సంతలోను వినిపించేది గోదావరి తెలుగే. అయినా యానాం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి పాలనలో ఉంది. ఆ శాసనసభకే తన ప్రతినిధిని పంపుతుంది. 'యానాం ఆంధ్రలో ఎందుకు లేదు?' అన్న ప్రశ్న అందుకే తరచు వినిపిస్తుంది. 'అది ఫ్రెంచివారి ఊరు కనుక' అన్న జవాబు కూడా వెంటనే వస్తుంది. ఆ జవాబు అసత్యం కాదు గాని అసంపూర్ణం. ఫ్రెంచివారు వెళ్ళిపోయాక కూడా వారు గీసిన గీత ఎందుకు నిలిచిందో అది చెప్పదు. ఆ గీత ఒక కాలంలో ఆడపిల్లల జీవితాలను ఎలా తాకిందో అసలే చెప్పదు. ఈ రెండు విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గౌతమి ఒడ్డున ఫ్రెంచి స్థావరం

గోదావరి డెల్టాలో నేసిన వస్త్రాలు పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో ఐరోపా వర్తకులను ఆకర్షించాయి. గౌతమీ తీరం వెంబడి కొద్ది మైళ్ళ దూరంలోనే పోటీ వర్తకశాలలు వెలిశాయి. ఇంజరం, నీలపల్లి ఆంగ్లేయులవి. వాటి సరసనే 1723లో ఫ్రెంచివారు యానాంలో అడుగుపెట్టారు. వ్యాపారం సాగక 1727లో విడిచిపెట్టి, 1731లో తిరిగివచ్చారు.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించడంతో, కొద్దికాలం యానాం ఒక విశాల ప్రాంతంలో భాగమైంది. తెలుగువారి స్మృతిలో చెదరని బొబ్బిలి యుద్ధం (1757) ఆ కాలపుదే. విజయనగర ప్రభువు పక్షాన నిలిచి బొబ్బిలి కోటను ముట్టడించిన బుస్సీ ఫ్రెంచి సేనాని. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచి సేన ఆంగ్లేయుల చేతిలో ఓడింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. తీరాంధ్రలో ఫ్రెంచి రాజ్యాధికారం అంతటితో ముగిసింది.

1763 నాటి పారిస్ ఒప్పందం ఫ్రెంచివారికి వర్తక స్థావరాలను మాత్రం తిరిగి ఇప్పించింది. ఆ తరువాత ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం ఆంగ్లేయుల వశమై, సంధి కుదిరినప్పుడల్లా చేతులు మారింది. 1814 ఒప్పందం తరువాత మాత్రమే అది స్థిరంగా ఫ్రెంచివారికి దక్కింది. అంటే యానాం సరిహద్దు ఒక విస్తరణకు గుర్తు కాదు. ఒక ఓటమి తరువాత మిగిలిన శేషం. మచిలీపట్నంలోని ఫ్రెంచిపేట కూడా అటువంటి శేషమే. అయితే అది వర్తకశాల హోదాలోనే ఉండిపోయి, 1947 అక్టోబరులో భారతదేశానికి దఖలుపడింది. యానాం పాలనావిభాగంగా ఎదిగింది కనుక దాని కథ వేరైంది.

ఈ సరిహద్దు తెలుగు సాహిత్య జీవితానికి అడ్డుగోడ కాలేదు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బాల్యవిద్య కొంత యానాంలోనే సాగింది. ఆయన తొలినాటి పద్యరచనకు కూడా ఆ ఊరితో సంబంధం ఉంది. ఫ్రెంచి జెండా కింద ఉన్న ఊరిలో ఒక బాలుడు సంప్రదాయ తెలుగు, సంస్కృత విద్యలతో పెరిగి, అవధానిగా ఆంధ్రదేశమంతటా తిరిగాడు. భాషకు లేని ఎల్ల చట్టానికి ఉంది. ఆ తేడా స్పష్టంగా బయటపడింది పెళ్ళి విషయంలో.

రెండు చట్టాల నడుమ పెళ్ళి

1929లో బ్రిటిష్ ఇండియా శాసనసభ బాల్యవివాహ నిరోధక చట్టాన్ని ఆమోదించింది. శారదా చట్టంగా ప్రసిద్ధి పొందిన ఆ శాసనం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. వధువుకు 14, వరునికి 18 ఏళ్ళు కనీస వయస్సు. ఉల్లంఘించినవారికి జరిమానా, కొన్ని సందర్భాలలో నెల రోజుల వరకు సాధారణ శిక్ష. అయితే జరిగిన పెళ్ళి మాత్రం చెల్లుతుంది. చట్టం పరిధి బ్రిటిష్ ఇండియా వరకే.

రజస్వల కాకముందే కన్యాదానం జరగాలని నమ్మిన కుటుంబాలకు యానాం దారి చూపింది. చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళివారు తరలివచ్చి, ఫ్రెంచి నేలపై ముహూర్తం కానిచ్చుకుని తిరిగి వెళ్ళేవారు. ఊరికి 'కల్యాణపురం' అన్న వాడుక పేరు కూడా వచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. మానవ హక్కుల ప్రకటన వెలువరించిన దేశపు చట్టం బాల్యవివాహాన్ని అనుమతించిందా? ఫ్రెంచి పౌరస్మృతి ప్రకారం పెళ్ళికి వధువుకు 15, వరునికి 18 ఏళ్ళు నిండాలి. అంటే వధువు విషయంలో అది శారదా చట్టం కన్నా కఠినమైనది. అది అందరికీ వర్తించి ఉంటే యానాంలో ఆ పెళ్ళిళ్ళకు చోటే ఉండేది కాదు. కాని 1819 నాటి ఉత్తర్వు ఫ్రెంచి ఇండియాలోని భారతీయులను వారివారి ఆచారాల ప్రకారమే విచారించాలని నిర్దేశించింది. 1881 డిక్రీ మరొక దారి తెరిచింది: తమ వ్యక్తిగత ధర్మాన్ని వదులుకుంటున్నట్లు నమోదు చేసుకున్నవారికే పౌరస్మృతి వర్తిస్తుంది. వదులుకోనివారికి కులాచారమే చట్టం. కనుక యానాంలో బాల్యవివాహాలను కాపాడింది ఫ్రెంచి చట్టం కాదు, ఫ్రెంచి చట్టం లేకపోవడం. వలస ప్రభుత్వం పన్నులూ పోలీసూ తన చేతిలో ఉంచుకుని, ఇంటిలోని విషయాలను ఆచారానికి వదిలివేసింది. ఆ వదిలివేత 'సహనం' అన్న పేరుతో చెలామణి అయింది.

తెలుగు సంఘసంస్కరణ చరిత్రలో ఈ అధ్యాయానికి తగిన స్థానం దక్కవలసి ఉంది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించిన రాజమహేంద్రవరం ఇదే గోదావరి ఒడ్డున ఉంది. గురజాడ 'కన్యాశుల్కము' 1897లో అచ్చయింది. ఈ కృషి వెలువడిన దశాబ్దాల తరువాత కూడా, అదే డెల్టాలోని కుటుంబాలు ఒక సరిహద్దు దాటితే చాలు, సంస్కరణకు ముందటి కాలంలోకి వెళ్ళగలిగాయి. సాహిత్యం మార్చిన మనస్సులెన్నో, చట్టానికి భయపడి ఆగినవెన్నో తేల్చుకోవడానికి యానాం ఒక పరీక్షాస్థలం. శాసనం దాటలేని చోట సంస్కరణ ఎంతవరకు నిలిచిందన్న ప్రశ్నను ఆ పెళ్ళిపందిళ్ళు అడుగుతాయి. ఆ పందిళ్ళలో కూర్చున్న బాలికలకు మాత్రం రెండు ప్రభుత్వాల మధ్య తేడా అక్కరకు రాలేదు.

విమోచనం, విలీనం

1947 తరువాత యానాం స్వతంత్ర భారతంలో విదేశీ ద్వీపంగా మారింది. ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసిన దడాల రఫేల్ రమణయ్య ఉద్యమ నాయకుడై, 1954 జూన్ 13న కార్యకర్తలతో యానాంను స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు సమావేశమయ్యారు. 178 మందిలో 170 మంది భారతదేశంలో విలీనాన్ని కోరారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956 మే 28న ఒప్పందంపై సంతకాలయ్యాయి. 1962 ఆగస్టు 16న అది చట్టరీత్యా అమలైంది. 1963 జూలై 1 నుంచి పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం కలిసి ఒకే కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి.

అసలు జవాబు ఈ ఒప్పందంలోని రెండో అధికరణంలో ఉంది. 1954 నవంబరు 1కి ముందున్న ప్రత్యేక పాలనా ప్రతిపత్తి ఈ స్థావరాలకు కొనసాగుతుందనీ, తరువాత రాజ్యాంగపరమైన మార్పు చేయదలిస్తే ప్రజాభీష్టాన్ని తెలుసుకున్న మీదటే చేయాలనీ అది నియమించింది. ఒప్పందం కుదిరిన 1956లోనే భాషాప్రయుక్త రాష్ట్రాల పునర్విభజన జరిగింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆనాటికి యానాం చట్టరీత్యా భారతదేశంలో చేరనేలేదు. దేశపటం భాషల వారీగా మారుతున్న వేళ ఈ తెలుగు ఊరు ఒక అంతర్జాతీయ ఒప్పందం నిరీక్షణలో ఉంది.

చందర్‌నగర్ ఉదాహరణ ఈ విషయాన్ని మరింత తేటపరుస్తుంది. అదీ ఫ్రెంచి స్థావరమే. అక్కడ 1949లోనే ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 1952లో చట్టరీత్యా భారతదేశానికి వచ్చి, 1954లో పశ్చిమ బెంగాల్‌లో కలిసిపోయింది. కనుక ఫ్రెంచి గతం మాత్రమే యానాంను వేరుగా ఉంచలేదు. విలీనం జరిగిన తీరు, నాలుగు స్థావరాలను ఒకే కట్టగా చూసిన ఒప్పందం, ప్రజలను అడగాలన్న నిబంధన కలిసి ఉంచాయి. భాష విషయంలో మాత్రం కొంత సర్దుబాటు జరిగింది: 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం యానాంలో తెలుగు వాడుకకు చోటిచ్చింది.

ముగింపు

'యానాం ఆంధ్రలో ఎందుకు లేదు?' అన్న ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది: ఒక భాష మాటాడేవారంతా ఒకే పాలనలో ఉండడం సహజమనీ, లేకపోవడమే వివరణ కోరుతుందనీ. భాషాప్రయుక్త రాష్ట్రాలు కూడా చారిత్రక నిర్ణయాలేనని యానాం గుర్తుచేస్తుంది. తెలుగువారి సాంస్కృతిక చరిత్రను రాష్ట్ర సరిహద్దుల లోపలే రాసుకుంటే కల్యాణపురం పెళ్ళిళ్ళ వంటి అధ్యాయాలు ఎవరి ఖాతాలోకీ రావు. మద్రాసు ప్రెసిడెన్సీ చరిత్రకారునికి అది విదేశం. ఫ్రెంచి ఇండియా చరిత్రకారునికి పెళ్ళివారు పొరుగువారు. ఆ పెళ్ళిపత్రికలు మాత్రం తెలుగులో ఉన్నాయి, ఆ బాలికలు తెలుగు ఇళ్ళలో పెరిగారు. వారి చరిత్రను వెలికితీయవలసిన బాధ్యత అందువల్ల తెలుగు పరిశోధనదే.