తడిపట్టు మీద బంగారం

పట్టుచీర జరీ చూసి మురిసిపోనివాళ్ళం మనలో ఎవరం, చెప్పండి? జరీ అంటే లోహపు తీగెను దారానికి చుట్టి నేతలో కలపడం. అలా కాకుండా, బట్టకు రంగు అద్దినట్టు బంగారాన్నే అద్దగలిగితే?

1780లో బ్రిటన్‌లో ఒక ఇల్లాలికి సరిగ్గా యీ ఆలోచనే వచ్చింది. ఆవిడ పేరు ఎలిజబెత్ ఫుల్హేమ్. భర్త వైద్యుడు. ఆయనతోనూ, స్నేహితులతోనూ చెబితే అది జరిగే పని కాదన్నారు. ఆవిడ వూరుకోలేదు.

ఆమ్లాలలో కరిగించిన బంగారపు లవణాన్ని నీళ్ళలో కలిపి, అందులో పట్టుగుడ్డను ముంచింది. తడి ఆరకముందే దానికి హైడ్రోజన్ వాయువు తగిలించింది. గుడ్డ మీద బంగారం మెరిసింది! బాగా ఆరిన గుడ్డకు అదే వాయువు తగిలిస్తే ఏమీ కాలేదు. వెండితోనూ అంతే. కిటుకు ఎక్కడుందో మీకూ తెలిసిపోయింది కదూ? నీళ్ళలో! ఆ విద్యతో ఆవిడ దేశపటాల మీద నదులను వెండితోనూ, నగరాలను బంగారంతోనూ తీర్చింది.

ప్రాణవాయువుతో కలవడం ఆక్సీకరణం, దాన్ని వదులుకోవడం క్షయకరణం అని ఆనాటి లెక్క. ఒకటి ఆక్సీకరణం చెందుతూంటే మరొకటి అప్పుడే క్షయకరణం చెందుతుందనీ, నడుమ నీరు తాను విడిపోయి, పని చక్కబెట్టి, చివరకు మళ్ళీ నీరుగానే తయారవుతుందనీ ఆవిడ చెప్పింది. అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్యలాగా నన్నమాట! అన్ని చోట్లా నీరు తప్పదన్న ఆవిడ మాట నిలవలేదు. కాని ఆ రెండూ జంటగానే జరుగుతాయన్నది నిలిచింది. ఇప్పుడు దాన్నే ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోడం అంటున్నాం. ఇచ్చేవాళ్ళు లేనిదే పుచ్చుకునేవాళ్ళుండరు గదా!

జోసెఫ్ ప్రీస్ట్లీ వంటి శాస్త్రవేత్త ప్రోత్సాహంతో 1794లో లండన్‌లో ఆవిడ పుస్తకం అచ్చయింది. ఆడది చదువుకున్నదంటేనే కొందరు మొహం ముడుచుకుంటారని ముందుమాటలో నిర్మొహమాటంగా రాసింది. అయితేనేం, 1798లో అది జర్మన్‌లోకి వెళ్ళింది. 1810లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మళ్ళీ అచ్చయింది. ఇలా మధ్యవర్తిగా పనిచేసి తిరిగి మిగిలే పదార్థం సంగతికి బెర్జీలియస్ 'ఉత్ప్రేరణం' అన్న అర్థంలో పేరు పెట్టింది 1835లో.

ఇనప బాణలి తోమి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు. తుడిచి పెడితే పట్టదు. ఇది మన అమ్మమ్మలకూ తెలుసు. ఎందుకని పట్టుబట్టి అడిగింది ఫుల్హేమ్. రేపు మీ అమ్మాయి ఆ బాణలి చూసి "ఎందుకమ్మా?" అంటే, "నీకెందుకే" అని కసరకండి. పక్కన కూచోబెట్టుకుని, యీ తడిపట్టు కథ చెప్పండి.