జనవరి 24 గడి



మీ వంటింటి గోడమీద వేలాడే క్యాలెండరుని ఒక్కసారి కళ్ళముందు పెట్టుకోండి. పండగలూ తిథులూ అచ్చువేసినవాళ్ళు వేరే ఉన్నారు గాని, అందులో అసలు చరిత్ర రాసేది మనమే. పాలు రాని రోజున సున్నా చుడతాం. గ్యాసు బండ మార్చిన రోజు, పనిమనిషి నాగా పెట్టిన రోజు, చీటీ డబ్బు కట్టిన రోజు, అన్నీ ఆ చిన్న గళ్ళలోనే ఇరికిస్తాం. మా ఇంట్లో ఏటేటా జనవరి 24 గడిలో పాల లెక్క పక్కన నేను చిన్నగా "బొబ్బిలి" అని రాసుకుంటాను. మొన్న మా అబ్బాయి అది చూసి, "బొబ్బిలిలో పెళ్ళెవరిదమ్మా?" అని అడిగాడు. పెళ్ళి కాదురా అని చెప్పబోయి, ఆ ఒక్క తారీఖునే ఎన్నెన్ని జరిగాయో చెప్పుకుంటూపోతే పొయ్యిమీద పప్పు మాడింది. ఆ కబుర్లే ఇవాళ మీకూ చెబుతాను. మీరు మాత్రం పొయ్యి కట్టేసి చదవండి.

మా పుట్టిల్లు శ్రీకూర్మం. కూర్మనాథస్వామి కోవెల మండపాల్లో స్తంభాల చుట్టూ తిరుగుతూ దాగుడుమూతలు ఆడుకున్న దాన్ని. ఆ స్తంభాల నిండా అక్షరాలుంటాయి. చిన్నప్పుడు వాటిని గీతలనుకునేవాళ్ళం. అవి శాసనాలనీ, గాంగరాజుల కాలం నాటివి అందులో చాలా ఉన్నాయనీ, స్వామికి అఖండదీపం పెట్టినవాళ్ళ పేర్లు వాటిమీద చెక్కించారనీ పెద్దయ్యాక తెలిసింది. అచ్చయిన శాసనాల పుస్తకంలో చూస్తే దీపాలు పెట్టించినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, పేరు పేరునా. ఏడువందల ఏళ్ళ కిందట ఒక ఇల్లాలు దేవుడి ముందు దీపం ఆరకుండా ఉండేందుకు ఏర్పాటు చేస్తే, ఆ పేరు ఇవాళ్టికీ రాతిమీద ఉంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఆ శాసనాల్లో తారీఖు ఉండదు. శకవర్షం ఇంత, ఫలానా మాసం, ఫలానా పక్షం, తిథి, వారం అని ఉంటుంది. మా అమ్మమ్మ లెక్కా అదే. "తారీకు సెప్తే నాకేటి తెలుస్తాదే? తిథి సెప్పు" అనేది. ఆవిడకి ఏడాది అంటే ఫాల్గుణంలో డోలోత్సవం నుంచి మళ్ళీ డోలోత్సవం దాకా. మనకేమో ఇప్పుడు పుట్టినరోజులన్నీ తారీఖులతోనే, పెట్టిపోతలు మాత్రం తిథులతో.

ఇక బొబ్బిలి సంగతి. ధాత నామ సంవత్సరం, సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకే. ఇంగ్లీషు లెక్కన 1757 జనవరి 24. శ్రీకాకుళం నుంచి రాజాం మీదుగా బస్సెక్కితే బొబ్బిలి పూటలోపు ప్రయాణం. ఈ ప్రాంతంలో పుట్టిన ఆడపిల్లకి ఆ కథ తెలియకుండా ఉండదు. బుర్రకథల్లో విని ఉంటారు, లేదా 1964లో వచ్చిన "బొబ్బిలి యుద్ధం" సినిమాలో భానుమతిగారిని మల్లమ్మదేవిగా చూసి ఉంటారు.

బొబ్బిలి రంగారాయుడికీ విజయనగరం విజయరామరాజుకీ పడేది కాదు. సరిహద్దు పేచీలు, ఏటినీళ్ళ తగాదాలు. పక్కపక్క వాటాల్లో కొళాయి దగ్గర మొదలైన మాట ఎక్కడిదాకా పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు గదా. సరిగ్గా అప్పుడే ఫ్రెంచివాళ్ళ సేనాని బుస్సీ ఉత్తర సర్కారుల్లో కప్పం వసూలు చేసుకుంటూ వచ్చాడు. విజయరామరాజు ఆయన పక్షాన చేరాడు. బొబ్బిలి కోట వదిలేసి, బదులుగా వేరేచోట భూములు తీసుకోమని రంగారాయుడికి కబురంపారు. ఆయన కాదన్నాడు.

తెల్లవారుతూనే ఫిరంగులు మొదలయ్యాయి. కోట గోడలు మట్టివి, లోపలున్నది కొద్దిమంది. గంటల తరబడి బురుజుల దగ్గర చేతులు చేతులు కలిసేటంత దగ్గరగా పోరాడారు. ఇక నిలవదని తెలిశాక, కోటలోని మగవాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువుల చేతికి చిక్కనివ్వకూడదని తామే చంపేశారు. ఆ తరవాత తామూ పోరులో చచ్చిపోయారు. లోపలికి అడుగుపెట్టిన ఫ్రెంచివాళ్ళకి కనబడింది శవాలూ మంటలూ. ఈ సంగతులు రాసిపెట్టినవాడు ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు. ఒక ముసలాయన ఒక పిల్లవాణ్ణి చేయిపట్టుకుని నడిపించుకొచ్చి, ఫ్రెంచి అధికారికి అప్పగించాడని కూడా ఆయనే రాశాడు. రంగారాయుడి కొడుకట. తండ్రి మాట కాదని కాపాడానని ఆ ముసలాయన చెప్పాడట. ఆ పిల్లవాడే తరవాత బొబ్బిలి వంశాన్ని నిలిపిన చిన రంగారాయుడు.

మూడోనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి ఆయన్ని పొడిచి పగ తీర్చుకున్నాడు. పాపారాయుడి మీద పాటలున్నాయి, కథలున్నాయి, 1986లో మరో సినిమా కూడా వచ్చింది. ఇంత చేసీ ఎవరు బాగుపడ్డారని అడగండి. రెండేళ్ళు తిరక్కుండా, 1758 డిసెంబరులో, చెందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళని ఓడించారు. ఆ ఇంగ్లీషువాళ్ళకి తోడుగా వెళ్ళింది ఎవరనుకున్నారు? విజయనగరం సైన్యమే! మళ్ళీ 1794 జులై 10న పద్మనాభం దగ్గర అదే విజయనగరం రాజు అదే ఇంగ్లీషువాళ్ళ చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఒకసారి చుట్టాల పెళ్ళికని బొబ్బిలి వెళ్ళినప్పుడు పాత కోట ఉన్నచోట నిలిపిన స్మారకస్తంభం చూశాను. మా వారూ మిగతా మగవాళ్ళూ పాపారాయుడి గురించి మాట్లాడుకుంటున్నారు. నాకేమో ఆ రోజు పొద్దున్న కోటలో ఎవరు అన్నం వండి ఉంటారా అని ఒకటే ఆలోచన. పిల్లలకి తినిపించి ఉంటారా? ఆడవాళ్ళంతా ఇష్టపడే ప్రాణాలిచ్చారని కథలు చెబుతాయి. కావచ్చు. కాని కథ కట్టినవాళ్ళెవరూ ఆ గడప లోపల లేరు. ఉన్నవాళ్ళు చెప్పడానికి మిగలలేదు. కథల్లో మల్లమ్మ పేరు వినబడుతుంది. మిగతావాళ్ళు ఎవరు? శ్రీకూర్మం స్తంభం మీద దీపం పెట్టిన ఆడమనిషికి పేరుంది. బొబ్బిలి కోటలో ప్రాణం పోయిన వందల మందికి లేదు. అందుకే ఆ తారీఖున నేను ఒక మాట రాసుకుంటాను.

అన్నట్టు ఈ తారీఖుల్ని మరీ నమ్ముకోకూడదు కూడా. ఇంగ్లీషువాళ్ళు 1752లో తమ క్యాలెండరు సరిచేసుకున్నారు. సెప్టెంబరు 2 తరవాత రోజుని 14 అన్నారు, మధ్యలో పదకొండు రోజులు మాయం. ఫ్రెంచివాళ్ళు అంతకు చాలా ముందే మార్చుకున్నారు. బొబ్బిలి యుద్ధం ఇంకో అయిదారేళ్ళు ముందు జరిగుంటే, అదే రోజుని ఫ్రెంచివాడు 24 అనీ, ఇంగ్లీషువాడు 13 అనీ రాసుకునేవారు. అప్పుడు నా గడి ఏమయ్యేది? కాబట్టి ఒకే తారీఖున జరిగినవాటి వెనక ఏదో దైవసంకల్పం ఉందని నేననను. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒకదాన్ని చూసి ఇంకొకటి గుర్తుకొస్తుంది.

సరిగ్గా నూరేళ్ళకి, 1857 జనవరి 24న, కలకత్తా విశ్వవిద్యాలయం చట్టం వచ్చింది. అదే ఏడాది బొంబాయిలో, మన మద్రాసులో కూడా విశ్వవిద్యాలయాలు పెట్టారు. మొదట్లో అవన్నీ మగపిల్లల కోసమే. ఆడపిల్లల్ని పరీక్షకి కూర్చోనివ్వడానికి కలకత్తావారికి ఇరవై ఏళ్ళు పైన పట్టింది. చివరికి 1883లో చంద్రముఖీ బసు, కాదంబినీ బోసు ఇద్దరూ బి.ఎ. పట్టాలు పుచ్చుకున్నారు. కాదంబిని ఆ తరవాత వైద్యం కూడా చదివి డాక్టరయింది. మెట్రిక్యులేషన్‌తో పుస్తకాలు అటకెక్కించిన నాకు ఆ ఇద్దరి పేర్లూ చదివినప్పుడల్లా కాస్త సంతోషం, కాస్త ఈర్ష్య.

ఇదే తారీఖున 1848లో అమెరికాలో కాలిఫోర్నియా దగ్గర ఒక రంపపు మిల్లు కాలవలో బంగారం బయటపడింది. ఆ కబురు పొక్కగానే ప్రపంచం నలుమూలల నుంచీ జనం పరుగెత్తారు. 1965లో ఇదే రోజున చర్చిల్ పోయాడు. ఆయన తండ్రి కూడా సరిగ్గా డెబ్బై ఏళ్ళ కిందట, ఇదే తారీఖున పోయాడట. వీటి గురించి మా అబ్బాయి ఎక్కువ అడిగాడు, నాకు మాత్రం చెప్పాలనిపించేది 1950 సంగతి.

మనమంతా జనవరి 26 అంటే జెండా, మిఠాయిలు అనుకుంటాం. దానికి రెండు రోజుల ముందు ఢిల్లీలో రాజ్యాంగసభ ఆఖరిసారి కూర్చుంది. రాజ్యాంగం ఆమోదించింది 1949 నవంబరు 26న, సభ్యులు సంతకాలు పెట్టింది మాత్రం 1950 జనవరి 24న. బాబూ రాజేంద్రప్రసాద్‌ని మొదటి రాష్ట్రపతిగా ఎన్నుకున్నదీ ఆ రోజే. "జనగణమన" జాతీయగీతమని, "వందేమాతరం"కి సమానగౌరవమని ప్రకటించిందీ ఆ రోజే. అంతకు ముందు 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు మన మదనపల్లె కాలేజీకి వచ్చినప్పుడు ఆ పాటని ఇంగ్లీషులోకి మార్చారు. దానికి అక్కడ స్వరాలు కూర్చినది మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండు ఇల్లాలు. ఆఖరినాడు సభ ముగిసే ముందు అందరూ లేచి నిలబడితే, ఆ పాట ఎత్తుకున్నది పూర్ణిమా బెనర్జీ, ఆవిడతో మిగతా సభ్యులు గొంతు కలిపారు.

ఆ సంతకాల్లో ఒకటి జి. దుర్గాబాయిది. తరవాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా మనకందరికీ తెలిసిన ఆవిడే. రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ వచ్చాక ఆ పెళ్ళి వద్దని చెప్పి బయటికొచ్చింది. కాకినాడ కాంగ్రెసులో వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని సాక్షాత్తూ జవహర్‌లాల్‌నే ప్రదర్శన గుమ్మంలో ఆపేసిన పిల్ల. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చాక, అంత వయసొచ్చాక, బెనారసు మెట్రిక్ పరీక్షకి కట్టింది. ఆ తరవాత మద్రాసులో తనలాంటి ఆడవాళ్ళ చేత అదే పరీక్ష కట్టించడానికి పాఠాలు చెప్పింది. ఆ పాఠాల నుంచే ఆంధ్ర మహిళా సభ పుట్టింది. నా మెట్రిక్ గురించి ఇందాక ఈర్ష్య అన్నాను చూడండి, ఈవిడ గురించి చదివాక ఆ మాట కాస్త వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆవిడ మెట్రిక్‌తో మొదలుపెట్టింది, నేను మెట్రిక్ దగ్గర ఆపేశాను. తేడా అంతే.

1757లో ఇదే రోజున కోటలోని ఆడవాళ్ళ బతుకు ఏమవ్వాలన్నది మగవాళ్ళు తేల్చారు. 1950లో ఇదే రోజున మగవాళ్ళతోబాటు ఒక తెలుగు ఆడపడుచు, దేశం ఎలా నడవాలన్న కాగితం మీద తన చేవ్రాలు చేసింది. మధ్యలో నూట తొంభై మూడేళ్ళు.

ఇంకో పదహారేళ్ళకి, 1966లో లాల్‌బహదూర్ శాస్త్రిగారు జనవరి 11న తాష్కెంటులో పోయారు. కాంగ్రెసు పార్లమెంటరీ పార్టీలో మొరార్జీ దేశాయ్ మీద 355కి 169 ఓట్లతో గెలిచిన ఇందిరాగాంధీ జనవరి 24న ప్రధానిగా ప్రమాణం చేసింది. అంతకు ముందు ఆవిడ సమాచార ప్రసార శాఖ మంత్రి, అంటే మన రేడియో మంత్రి. రేడియోలో మాట్లాడే నాబోటిది ఆ మాట కాస్త గర్వంగా చెప్పుకోకుండా ఎలా ఉంటుంది? ఆవిడ పాలన గురించి మీలో ఎవరి అభిప్రాయం వారిది. మా ఇంట్లోనే మా మామగారికీ మా వారికీ పడేది కాదు.

ఆ పొద్దున్నే ఎయిరిండియా విమానం ఒకటి యూరపులో మాంట్ బ్లాంక్ కొండకి కొట్టుకుని 117 మందీ పోయారు. అందులో అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఉన్నారు. అంటే ఢిల్లీలో ప్రమాణం జరిగిన రోజే ఆ వార్త కూడా దేశానికి చేరింది. సంతోషం, దుఃఖం ఒకే గడిలో పడ్డాయి. మన ఇళ్ళల్లో జరగదా? ఒక గదిలో పురుడు, ఒక గదిలో ప్రాణం మీదికి రావడం, నేను కళ్ళారా చూశాను.

2008లో ప్రభుత్వం జనవరి 24ని జాతీయ బాలికా దినోత్సవంగా ప్రకటించింది. ఇప్పుడు ఆ రోజున బళ్ళలో ఆడపిల్లల చేత వ్యాసాలు రాయిస్తారు, బహుమతులిస్తారు. మా పక్కింటి పాపకి ఒకసారి స్టీలుగిన్నె వచ్చింది. ఏం రాశావే అంటే దుర్గాబాయి గురించి అంది. బొబ్బిలి కోటలో నీ ఈడు పిల్లలుండేవారు తెలుసా అని అడిగాను. తెలీదంది. కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, "ఆ ముసలి తాతగారు ఇంకెవరైనా ఆడపిల్లని కూడా తీసుకొచ్చుంటే బావుండేది ఆంటీ" అంది. ఇన్నేళ్ళలో నాకు ఆ ఆలోచన రాలేదు.

మా అబ్బాయికి కథంతా చెప్పాక, వాడే పెన్ను తీసుకుని గడిలో "బొబ్బిలి" పక్కన "మల్లమ్మ" అని రాశాడు. చోటు చాలక పాల లెక్క మీద పడింది. నెలాఖరున పాలవాడితో ఆ ఒక్క రోజు లెక్క తేలలేదు, అర లీటరు డబ్బు అదనంగానే ఇచ్చాను.