చొక్కాల షావుకారు – తూటా కొలతలు

తుపాకీ కబుర్లు మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఈ కథలో కుట్టుపని ఉంది. రవిక బిగుతైతే ఏం చేస్తాం? లోపల మడిచి వదిలిన గుడ్డ ఉంటే కుట్టు విప్పి వదులు చేసుకుంటాం. అది లేకపోతే ఎంత గొప్ప దర్జీ అయినా చేతులెత్తేయవలసిందే. అమెరికాలో ఒక చొక్కాల షావుకారుకి సరిగ్గా ఇదే చిక్కు తుపాకీల దగ్గర వచ్చిపడింది.

ఆయన పేరు ఆలివర్ వించెస్టర్. న్యూ హేవెన్ అనే ఊళ్ళో చొక్కాలు కుట్టించి అమ్మేవాడు. మెడ దగ్గర పట్టెయ్యకుండా ఒంటిమీద చక్కగా కూచునే కత్తిరింపు ఒకటి కనిపెట్టి, 1848లో దానికి పేటెంటు కూడా పుచ్చుకున్నాడు. ఇళ్ళల్లో కూచుని కుట్టే ఆడవాళ్ళు ఎందరో ఆయనకి పనిచేసేవారు. ఆ కుట్ల మీద వచ్చిన డబ్బుతోనే 1855లో ఒక తుపాకీల కంపెనీలో వాటా కొన్నాడు. కొన్నాళ్ళకి ఆ వ్యాపారం కాస్తా ఆయన చేతికే వచ్చింది.

అక్కడ పనిచేసే మెకానిక్కు బెంజమిన్ టైలర్ హెన్రీ. పేరులో టైలర్ ఉంది గాని ఆయన దర్జీ కాదు సుమండీ! 1860లో ఆయన పేటెంటు పొందిన రైఫిలుకి, చెయ్యి పట్టుకునే చోట కింద ఒక మీట ఉంటుంది. మీటని కిందికి తోసి పైకి లాగితే చాలు, పేలిన తూటా తాలూకు డొల్ల బయట పడుతుంది, కొత్త తూటా లోపలికి వెళుతుంది. నిండా నింపితే వరసగా పదహారుసార్లు పేల్చవచ్చు. ఒక్కసారి పేల్చి మళ్ళీ మందు దట్టించుకునే వాళ్ళ మధ్య ఇది వింత కాదూ!

కాని తూటా చిన్నది. అందులో పట్టే మందు రెండు గ్రాములకి లోపే. 1873లో వచ్చిన రైఫిల్లో అది సుమారు రెండున్నర గ్రాములయింది. అదే ఏడు అమెరికా సైన్యం తెచ్చిన కొత్త తూటాలో మాత్రం నాలుగున్నర గ్రాముల మందు! పెద్ద జంతువుల్ని వేటాడే వాళ్ళకి ఆ తూటా మీదికి మనసు పోయింది. మీట రైఫిల్లో అది ఉంటే ఎంత బావుండును!

గొట్టానికి బెజ్జం పెద్దది చేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. తూటా పొడుగైతే దాన్ని కింది నుంచి ఎత్తి అందించే పలక పొడుగవ్వాలి. మీట మరింత దూరం కదలాలి. పేలినప్పుడు తూటా ముందుకి ఎంత బలంగా పోతుందో, వెనక్కి అంత బలంగానూ తంతుంది. ఆ తన్నుకి అడ్డు నిలిచేవి మోకాలి కీలులాంటి రెండు ఇనపముక్కలు. అవి ఓర్చుకోలేకపోతే ముప్పు ఎదుటి జంతువుకి కాదు, పేల్చేవాడి మొహానికే.

ఇనుములో మడిచి వదిలిన గుడ్డ ఉండదుగా! అంచేత 1876లో వించెస్టర్ కంపెనీ రైఫిలునే పెద్ద సైజులో చేసింది. తీరా చూస్తే సైన్యం తూటా పొడుగు అందులోనూ పట్టలేదు. ఇక చేసేదిలేక తూటానే కాస్త పొట్టిగా, లావుగా, మెడ నొక్కి కొత్తగా తయారుచేశారు. చొక్కా చాలకపోతే మనిషిని కురచ చేసినట్టు! 1880లో షావుకారు కన్నుమూశాడు. మరుసటి ఏడే పోటీదారు మార్లిన్ కంపెనీ సైన్యం తూటా పట్టే మీట రైఫిలు తెచ్చేసింది.

చివరికి చిక్కు విప్పినవాడు యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ ఊరి జాన్ బ్రౌనింగ్. పాత కొలతలు సాగదీయకుండా మొదటినుంచీ కొత్తగా కత్తిరించాడు. మోకాలి కీలు తీసేసి, తలుపుకి రెండు గడియలు పెట్టినట్టు, నిలువుగా పైకి లేచే రెండు ఇనప దిమ్మలు అమర్చాడు. అదే 1886 నాటి వించెస్టర్. సైన్యం తూటా అందులో హాయిగా ఇమిడింది. ఆ గడియల బలం ఎంతటిదంటే, దాని వంశంలోనే 1930లలో పుట్టిన రైఫిలుని, 1950లలో అలాస్కాలో హెరాల్డ్ జాన్సన్ అనే ఆయన ఇంకా లావు గుండుకి పనికొచ్చేలా మార్చాడు, పెద్ద ఎలుగుబంట్ల కోసం. వదులు చేసుకోవడానికి లోపల చోటుంది గనకే ఆ పని కుదిరింది.

బ్రౌనింగ్ గీసిన 1895 నాటి మీట రైఫిలు కథ వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యాకి తుపాకులు చాలక వించెస్టర్ కంపెనీని అడిగింది. కంపెనీ ఆ రైఫిలుని రష్యా తూటాకి తగ్గట్టు మార్చి, తూటాలు గుత్తిగా పైనుంచి దించే గాడి కూడా పెట్టి, దాదాపు మూడు లక్షలు పంపింది. ఆ నమూనాలో మొత్తం తయారైనవాటిలో సగానికి పైగా అటే వెళ్ళాయి. ఈసారి ఎదుట ఉన్నవి ఎలుగుబంట్లు కావు, మనుషులు.

పాపం, న్యూ హేవెన్‌లో చొక్కాలు కుట్టిన ఆ ఆడవాళ్ళు, తమ సూదిమొన మీద వచ్చిన డబ్బు ఇంత దూరం వెళుతుందని కలలోనైనా అనుకుని ఉంటారా?