యుద్ధం ముగిశాక మా ఎద్దులు

షేక్‌పేటలో కుతుబ్ షాహీల కాలపు సరాయి ఇంకా నిలిచే ఉంది. గోల్కొండకు వచ్చే బాటసారులు అక్కడ దిగేవారు. ఆ దగ్గరి గుట్టలకు మా పేరు మిగిలింది: బంజారాహిల్స్.

17వ శతాబ్దంలో దక్కనుకు దిగిన మొఘల్ సేనల వెంట ధాన్యం, ఉప్పు మోసినవి మా బంజారాల ఎద్దులు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు గోల్కొండను గెలిచాడని బడిలో చదువుకున్నాం. అన్ని నెలలు అంత సేనకు తిండి ఎలా అందిందో మాత్రం చదవలేదు. 1799లో టిప్పుపై, 1803లో మరాఠాలపై యుద్ధాల్లో ఆర్థర్ వెల్లెస్లీ కూడా మావాళ్ల ఎద్దులను నమ్ముకున్నాడు.

యుద్ధాలు ఆగాయి. సిపాయి తన ఊరికి తిరిగి వెళ్లాడు. మావాళ్లకు దారే ఊరు. 1871లో బ్రిటిష్‌వారు సంచార జాతులను నేరస్తులుగా ముద్రవేసే చట్టం తెచ్చారు; చాలాచోట్ల ఆ ముద్ర మావాళ్ల మీదా పడింది. సేనకు తిండి మోసినవాళ్లు ఠాణాలో హాజరు వేయించుకోవలసి వచ్చింది. 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది, మోత పని తగ్గిపోయింది. మావాళ్లు తండాలు కట్టుకుని నాగలి పట్టారు.

ఆ చట్టం 1952లో పోయింది. తెలంగాణలో మమ్మల్ని షెడ్యూల్డు తెగగా గుర్తించింది 1976లో. 2022లో బంజారాహిల్స్‌లోనే సేవాలాల్ బంజారా భవన్ లేచింది.

సైనికుడి కథ రాసేవాళ్లు చాలామంది. అతనికి అన్నం మోసినవాడి కథ మేమే రాసుకోవాలి. తండాల్లో పెద్దలు ఉండగానే అడిగి రాసుకుందాం.